జాగా లేని ఖాళీ గోడౌను

"పున్నయ్యా, ఒక్కసారే చెప్తాను, చెవులు దగ్గరపెట్టుకుని విను. కృష్ణా జిల్లాలో నేరమన్నది ఇక బతికి బట్టకట్టదు. ఎందుకంటావా? నేనున్నాను గనక!"

ఈ భీషణ ప్రతిజ్ఞ చేసిన క్షణాన అపరాధ పరిశోధక చక్రవర్తి దైవాధీనం ముఖం సగం సబ్బు నురగలో ఉంది. గీసుకోవడం పూర్తయిన సగంలో అక్కడక్కడా తెగి రక్తం చిమ్ముతోంది. అద్దంలో ఆ రక్తాన్ని చూసుకుని "ఆహా, నెత్తురు!" అని వాడే ఉలిక్కిపడ్డాడు.

దైవాధీనమూ నేనూ బందరు మిషన్ బడిలో పలకలు పగలగొట్టుకున్న నాటి నుంచి స్నేహితులం. నేను ఆ బడిలోనే పంతులుగా స్థిరపడ్డాను. వాడు కోనేరు సెంటరు దగ్గర సందులో కొట్టు పెట్టాడు. "బి. దైవాధీనం, అపరాధ పరిశోధకుడు" అని పెద్ద అక్షరాల బోర్డు. కింద చీమలంత అక్షరాలతో "ఇచ్చట కళ్లజోళ్లు కూడా బాగుచేయబడును". వాడి పొట్ట నింపేవి ఆ చీమలే.

పెద్ద అక్షరాల పనిలో వాడు సాధించిన విజయం ఇంతవరకూ ఒక్కటే. ప్రభావతమ్మగారి కోడిపెట్ట హత్య కేసు. వాడు అనుమానితుల పేర్లు చదువుతుండగా హతురాలే స్వయంగా నడిచొచ్చి, వాడి కాళ్ల దగ్గర గింజలు ఏరుకుంది. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు ఏం ఆలోచించి ఆ పేరు పెట్టారో గాని, వాడు చేపట్టిన ప్రతి కేసూ అక్షరాలా దైవాధీనమే.

యాభై ఎనిమిది డిసెంబరు. మాకు క్రిస్మస్ సెలవులు ఇచ్చేశారు. ఇంట్లో ఉంటే మా ప్రేమమ్మ గోడలకు సున్నం వేయమంటుందని భయపడి వాడి కొట్లో కూర్చున్నాను. ఇంతలో ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడింది. పట్టుచీర, నుదుట కాసంత బొట్టు. మనిషి నిండుగా ఉంది. గుమ్మం కూడా నిండింది.

"కళ్లజోడు బాగుచేసేది ఎవరు బాబూ?"

కొంగుముడి విప్పి ఒక కళ్లజోడు బల్ల మీద పెట్టింది. కళ్లజోడని ఆవిడ చెప్పబట్టి తెలిసింది. కాడలు రెండూ మెలికలు తిరిగాయి. ఒక అద్దం పిండయింది. దైవాధీనం నురగ ముఖంతోనే భూతద్దం పట్టుకుని దాని మీదికి వంగాడు.

"హు! దీని మీద హత్యాప్రయత్నం జరిగింది. దుండగుడు మహా బలశాలి. ఏనుగులాంటి శరీరం..."

"నేనే నాయనా. చూసుకోకుండా కూర్చున్నాను."

నేను దగ్గాను. దైవాధీనం మిగతా సగం గడ్డం గీసుకోవడంలో మునిగిపోయాడు.

ఆవిడ పేరు రావమ్మ. ఊరు మొవ్వ. కళ్లజోడు వాళ్లాయనది. "కూర్చుంటే కూర్చున్నావు, కాస్త నెమ్మదిగా కూర్చోలేకపోయావా" అన్నాడట ఆయన. ఆ మాటలో "నెమ్మదిగా" అన్నది ఆవిడకు తగలరాని చోట తగిలింది. ఆ రోజు నుంచి మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. నెల దాటింది.

"కళ్లజోడు సంగతి అటుంచు బాబూ. నిన్ను బోర్డు మీద పరిశోధకుడని రాశారు. నిజమేనా?"

దైవాధీనం చేతిలో కత్తి ఆగిపోయింది. "నిజమే అంటే ఆ మాటకే అవమానం అమ్మా! చెప్పండి. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. జాగా పోయింది."

రావమ్మగారు స్టూలు మీద కూర్చుని కథ చెప్పింది. పొలం ఆవిడ పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. ఈ ఏడు మాసూళ్లు బాగా అయ్యాయి. ధాన్యం బళ్లకెత్తించి, తనే వెంట ఉండి గుడివాడలో రైతుల సహకార గోడౌనుకు తీసుకెళ్లింది. తలుపు మీద సున్నంతో "జాగా లేదు" అని రాసి ఉంది.

"తలుపు సందులోంచి తొంగిచూశాను. ఎదురుగా బస్తాలు వాసాలదాకా ఉన్నాయి. సరే, నిండిందే అనుకున్నాను. కానీ బాబూ, వాకిట్లో ఒక్క గింజ రాలి లేదు. ఒక్క పిచ్చుక వాలలేదు. బస్తాలన్ని ఉన్న చోట పిచ్చుక లేకపోవడమేంటి?"

"మేనేజరుని అడగలేదా అండీ?" అన్నాను నేను.

"అడిగాను. 'ఎవరి పేరు మీదండీ' అన్నాడు. రావమ్మ అన్నాను. 'ఆ పేరుకి లేదు, ఇంకే పేరైనా ఉందా' అన్నాడు. ఇంకే పేరుంటుంది? పొలం నాది, పంట నాది. బళ్లు ఆ వాకిట్లోనే నిలబడి ఉన్నాయి. తూర్పున చూశారా, మబ్బు ఎలా కమ్ముకొస్తోందో? తడిసిందంటే బస్తాల్లోనే మొలకలొస్తాయి. బందర్లో మా తమ్ముడు ప్లీడరు, వాణ్ని తీసుకెళ్దామని వచ్చాను. వాడు ఊళ్లో లేడు. నీ బోర్డు కనబడింది."

నేను లేచి మంచినీళ్లిచ్చాను. ఏడాది కష్టం ఆరుబయట నిలబెట్టి, మబ్బు కేసి చూస్తూ వచ్చిన మనిషి ఆవిడ.

దైవాధీనం మాత్రం ఆనందంతో వణుకుతున్నాడు. "పిచ్చుకలు వాలవు! ఎందుకు వాలవు పున్నయ్యా? లోపల ఉన్నది ధాన్యం కాదు గనక. మందుగుండు! అమ్మా, మీకు శత్రువులున్నారా? మీ ఆయన పేరు చెప్పండి."

రావమ్మగారు తల పక్కకు తిప్పుకుంది. "మొగుడి పేరు నోటితో చెప్తారా ఎవరైనా? ముందు పిచ్చి. వెనకాల ఈశ్వరుడు. నువ్వే అనుకో."

"పిచ్చేశ్వరరావుగారాండీ?" అన్నాను. ఆవిడ అవునన్నట్టు తలూపింది.

దైవాధీనం చెవికి అది ఎక్కలేదు. వాడు పైకప్పు కేసి చూస్తూ గొణుగుతున్నాడు. "ముందు పిచ్చి పట్టింది. వెనకాల ఈశ్వరుడు అనే సహచరుడు ఉన్నాడు. ఇద్దరు. ఒకడు ఉన్మాది. ముఠా! పద పున్నయ్యా, గుడివాడకి!"

రైల్లో వాడు మారువేషం కట్టాడు. బంటుమిల్లి ధాన్యం వ్యాపారిట. నేను వాడి గుమాస్తానట. గడ్డం గీసుకునే కుంచె వెంట్రుకలు కత్తిరించి, తుమ్మబంకతో మీసం అతికించుకున్నాడు. దానికి ఇంకా సబ్బు వాసన వదల్లేదు. గుర్తు పట్టకుండా ఉండాలని కొట్లోంచి ఎవరిదో నల్ల కళ్లజోడు తెచ్చి పెట్టుకున్నాడు. అది చత్వారం కళ్లజోడు. గుడివాడ స్టేషన్లో దిగుతూ వాడు మొదట పలకరించింది నీళ్ల కుళాయిని.

గోడౌను వాకిట్లో రావమ్మగారి బళ్లు వరసగా ఆగి ఉన్నాయి. పాలేర్లు తాటాకులు తెచ్చి బస్తాల మీద కప్పుతున్నారు. గాలి తిరిగింది. ఆవిడ బళ్ల దగ్గరే ఆగిపోయింది. మేం తలుపు దగ్గరికి వెళ్లాం.

తలుపు దగ్గర మేనేజరు రామబ్రహ్మంగారు నిలబడి ఉన్నారు. చీపురుపుల్లలాంటి మనిషి. కళ్లల్లో మాత్రం ఏదో మెరుపు.

"జాగా లేదండి," అన్నారు మేం నోరు తెరవకముందే.

"మాది బంటుమిల్లి..."

"బంటుమిల్లికీ లేదు. మోపిదేవికీ లేదు. ఎవరికీ లేదు."

దైవాధీనం తలుపు సందులోంచి చూసి, "ఆ మూల అంతా ఖాళీగా ఉందే?" అన్నాడు గర్జిస్తూ.

"అది ఖాళీ కాదండి. ఖాళీగా కనబడే నిండు," అన్నారు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, ఆశగా అడిగారు. "మీకు ఆక్రమించుకోవాలని గానీ ఉందా?"

"ఏమిటీ?"

"ఏం లేదు, ఏం లేదు. నేను భోజనానికెళ్తున్నాను. తలుపు తాళం వేయడం లేదు. ఊరికే చెప్తున్నాను." ఆయన అటూ ఇటూ చూసి, గోడ వెనక్కి వెళ్లి, అక్కడే ఆగిపోయారు. ఆయన తలపాగా కొస గోడ పక్కనుంచి కనబడుతూనే ఉంది.

"చూశావా పున్నయ్యా! నేరస్థుడు తన ఉచ్చులో తనే పడ్డాడు," అంటూ దైవాధీనం ఆ ఉచ్చులోకి దూరాడు. వెనకాలే నేనూ.

లోపల గోడౌను మూడు భాగాలుగా ఉంది. మొదటి భాగంలో ఏమీ లేదు. నేల మీద మాత్రం సున్నంతో పెద్ద పెద్ద గళ్లు గీసి ఉన్నాయి. మధ్య భాగంలో బస్తాల గుట్ట. చివరి భాగంలో, ఊరందరి పంటా పట్టేంత విశాలమైన చోట, ఒకే ఒక్క నులకమంచం. దాని మీద ఒక మనిషి.

దైవాధీనం సున్నపు గళ్ల మీద మోకాళ్ల మీద పాకుతూ భూతద్దంతో వెదికాడు. పాకినంత మేరా గీతలన్నీ వాడి పంచెకి అంటుకున్నాయి. "గోతుల కొలతలు! ఇక్కడ తవ్వబోతున్నారు పున్నయ్యా. మనుషులని పాతిపెట్టడానికి. అదిగో, మొదటివాడు అప్పుడే తయారు!" అని మంచం మీది మనిషిని చూపించాడు. గుట్టుగా వెళ్లి ఆ మనిషి నాడి పట్టుకున్నాడు.

శవం లేచి కూర్చుంది. "ఇక్కడ జాగా లేదండీ," అంది ఆవులిస్తూ.

ఆయన కాపలాదారు అంకమ్మరావు.

"ఇంత ఖాళీ ఉంటే జాగా లేదంటారేమయ్యా?" అన్నాను నేను, ఇక ఆగలేక.

"నేనున్నాను కదండీ."

"మీరెందుకున్నారు?"

"నేను లేకపోతే ఇంకెవరైనా ఉంటారనండీ." ఇంతకన్నా సూటి జవాబు ఆయన దగ్గర లేదు. మళ్లీ పడుకున్నాడు.

దైవాధీనం అప్పటికే బస్తాల గుట్ట చేరాడు. మందుగుండు పేలుతుందేమోనని ముందు నన్ను ఇంకాస్త దగ్గరికి నిలబెట్టి, తను దూరం నుంచి, వెంట తెచ్చుకున్న గొడుగు మొనతో ఒక బస్తాని పొడిచాడు. పేలలేదు. సన్నగా, పచ్చగా, తేలిగ్గా ఏదో జారింది. నేను దోసిట పట్టి చూశాను.

"ఊక!"

"ఊక!" అని వాడు ప్రతిధ్వనించాడు. కొంచెం నిరాశ పడ్డట్టున్నాడు గాని వెంటనే కోలుకున్నాడు. "అర్థమైంది! ధాన్యం మొత్తం దొంగ రవాణా చేసేసి, బస్తాల్లో ఊక కుక్కారు. ఘరానా దోపిడీ! అందుకే పిచ్చుకలు రాలేదు. ఊకని ఏం చేసుకుంటాయి? సాక్ష్యం కావాలి. ఒక బస్తా లాగు."

"పైనున్నది తీద్దాంరా."

"పైనున్నది ఎవడైనా తీస్తాడు. రహస్యమెప్పుడూ అట్టడుగున ఉంటుంది!"

నేను వద్దు వద్దంటున్నా వినకుండా, వాడు అట్టడుగు బస్తాని రెండు చేతులా పట్టుకుని, గుట్టకి కాలు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజాడు.

ముందు వచ్చింది బస్తా. తరువాత వచ్చింది గుట్ట.

ఊక బస్తాలు తేలిక గనక ప్రాణాలు దక్కాయి. అవే ధాన్యం బస్తాలయితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, చెప్పేవాడూ ఉండేవాడు కాదు. బస్తాలు దొర్లి, మూతులు విప్పుకుని, ఊకంతా గాల్లోకి లేచింది. పట్టపగలు చీకటయింది. ఆ చీకట్లో ముగ్గురం పోటీలు పడి తుమ్ముతున్నాం.

"నా పరీక్ష! నా పరీక్ష!" అని అరుస్తూ రామబ్రహ్మంగారు గోడ వెనకనుంచి దూకి వచ్చారు. చప్పుడుకి రావమ్మగారు పరిగెత్తుకొచ్చింది. ఆవిడ వెనకాలే, మొవ్వ బస్సు దిగి అప్పుడే వచ్చిన ఒక పెద్దమనిషి. పంచెకట్టు, భుజాన కండువా. కళ్లు చికిలించుకుంటూ, చేత్తో దారి తడుముకుంటూ లోపలికి వచ్చాడు. నిలువెల్లా ఊక పట్టి నిలబడ్డ దైవాధీనం దగ్గర ఆగి, వాడి పొట్ట మీద తట్టి చూశాడు.

"ఈ బస్తా ఎవరిదండీ? తుమ్ముతోందే?"

ఆ గొంతు వినగానే రావమ్మగారు గిరుక్కున అటు తిరిగిపోయింది. ఆయనే పిచ్చేశ్వరరావుగారని నాకు అర్థమైంది.

ఊక మెల్లగా కిందికి దిగింది. బస్తాలు దొర్లిపోయిన చోట నేల బయటపడింది. నేల మీద చుట్టూ సున్నపు గీత. మధ్యలో మూరెడేసి అక్షరాలు. కళ్లు తుడుచుకుని నేను పైకి చదివాను.

"పిచ్చేశ్వరరావుగారు, మొవ్వ."

పైన రేకుల మీద టపటపా చినుకులు మొదలయ్యాయి.

"మొదటి ముద్దాయి పేరు దొరికింది!" అన్నాడు దైవాధీనం.

"ముద్దాయేంటయ్యా, అది ఆయన జాగా!" రామబ్రహ్మంగారు నెత్తి కొట్టుకున్నారు. "కోతలకి ముందే వచ్చి చెప్పి వెళ్లారు. ఆయన కోసం అట్టేపెట్టాను."

"అట్టేపెట్టారా! మరి జాగా లేదన్నారే?" అంది రావమ్మగారు.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. నిరుడు ముందుగా చెప్పుకున్నవాళ్ల జాగాలో ముందుగా వచ్చినవాళ్లు బస్తాలు దించేశారు. కర్రలు లేచాయి. ఈ ఏడు అలా జరగకూడదని, ఇంకా రాని సరుకుకి జాగా ముందే పట్టి ఉంచాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఎలా పట్టి ఉంచితే నిలుస్తుంది? ఒక భాగంలో గీత గీశారు. ఒక భాగంలో ఊక బస్తాలు పేర్చారు. ఒక భాగంలో మనిషిని పడుకోబెట్టారు. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో గోడ చాటునుంచి చూస్తున్నారు.

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా బాబూ!"

"చెప్పి చేస్తే పరీక్ష ఎలా అవుతుందమ్మా? అయినా ఇంకే పేరైనా ఉందా అని అడిగానే! మీరు ఆయన పేరు ఒక్కసారి అని ఉంటే..."

"నా నోటితోనా!"

పిచ్చేశ్వరరావుగారు నా వైపు, అంటే నా పక్కనున్న స్తంభం వైపు తిరిగారు. "చూడండి బాబూ. ఆవిడతో చెప్పండి. పొలం ఆవిడదే అయినా, పంట ఎక్కడ పెడుతుందోనని నేను ముందే వచ్చి మాట్లాడాను. అడిగితే చెప్పేవాణ్నని చెప్పండి."

"ఆయనతో చెప్పండి," అంది రావమ్మగారు నన్ను చూస్తూ. "అడగడానికి మాటలుండొద్దా అని. నేను మబ్బు కింద నిలబడి ఏడుస్తుంటే, ఆయన ఇంట్లో కూర్చున్నారని చెప్పండి."

"కూర్చోలేదని చెప్పండి. బళ్లు తిరిగి రాకపోయేసరికి ప్రాణం ఒప్పక బస్సెక్కానని చెప్పండి. కళ్లు కనబడక ముందు ఉయ్యూరు బస్సెక్కి, దిగి, మళ్లీ ఇంకోటి ఎక్కానని కూడా చెప్పండి."

నేను అటూ ఇటూ తిరగలేక మెడ పట్టేసి నిలబడ్డాను. రావమ్మగారు ఆయనకేసి చూసింది. నుదుటి మీద బొప్పి ఉంది. బస్సు కడ్డీ తగిలి ఉంటుంది.

"ఆ బొప్పేంటండీ?" అంది. నాతో కాదు.

ఆయన ముఖం వెలిగింది. "ఏం లేదే. నెమ్మదిగానే తగిలింది."

నెమ్మదిగా అన్న మాట జారిపోయాక ఆయనే నాలుక కరుచుకున్నాడు. రావమ్మగారు ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వింది. "ఈ ముచ్చట్లకేం గాని, వాన పట్టేసింది. బస్తాలు దించండి!"

ఇక చూడండి. పాలేర్లు, అంకమ్మరావు, నేను, రామబ్రహ్మంగారు కూడా భుజాలు కలిపాం. ఊక బస్తాలు అటు, ధాన్యం బస్తాలు ఇటు. పిచ్చేశ్వరరావుగారు మాత్రం ఊక బస్తాని ధాన్యమనుకుని ఎంతో కష్టంగా ఎత్తి, వెనక్కి వెల్లకిలా పడ్డారు. మీసం పెదవి మీంచి చెవి మీదికి జారిపోయిన అపరాధ పరిశోధక చక్రవర్తి కూడా బస్తాలు మోశాడు. వాడికి బుర్ర లేదని ఎవరైనా అనవచ్చు గాని వీపు లేదనడానికి వీల్లేదు. ఆఖరి బస్తా గడప దాటాక వాన కుండపోతయింది. ఒక్క గింజ తడవలేదు.

రామబ్రహ్మంగారు తుడిచిపెట్టుకుపోయిన గీతలని, కూలిన ఊకగుట్టని, మంచం వదిలి బస్తాలు మోసిన అంకమ్మరావుని చూసి నిట్టూర్చారు. "మూడు పద్ధతులనీ ఒక్క మనిషే ధ్వంసం చేశాడు. మామూలు రైతులెవరూ ఇంత దూరం ఆలోచించరు. అయినా ఒకటి చెప్పుకోవాలి మాస్టారూ. ఊక బస్తాలు మాత్రం మహాద్భుతంగా పనిచేశాయి. జాగా ఎవరికీ దక్కనివ్వలేదు. ఆఖరికి ఎవరిదో వాళ్లకి కూడా!"

"కేసు పరిష్కారమైంది," అని ప్రకటించాడు దైవాధీనం. "మొదటి నుంచీ నా అనుమానం ఆ అట్టడుగు బస్తా మీదే."

రావమ్మగారు వాడి రెండు చేతులూ పట్టుకుని, "నీ పుణ్యమే బాబూ" అంది. నిజంగానే అంది. వాడు జవాబుగా తుమ్మాడు.

సాయంత్రం బందరు బండికి రామబ్రహ్మంగారు మమ్మల్ని స్టేషనుదాకా దిగబెట్టారు. వాన వల్ల జనం విరగబడ్డారు. బండి ఆగీ ఆగకముందే దైవాధీనం కిటికీలోంచి తన తువ్వాలు విసిరి రెండు సీట్లు పట్టేశాడు. "ఇక తొందరేముంది? జాగా మనదే," అని ప్లాట్‌ఫారం మీద టీ చెప్పి, ఊక నుంచి నేరస్థుడి మనస్తత్వాన్ని ఎలా కనిపెట్టవచ్చో రామబ్రహ్మంగారికి వివరించసాగాడు. ఆయన నోరు తెరుచుకుని వింటున్నారు. నేను టీ గ్లాసు కోసం చెయ్యి చాపాను. బండి ఈల వేసింది. మేం తిరిగి చూసేసరికి మా సీట్లు రెండూ కదిలి వెళ్లిపోతున్నాయి.

ఆ రాత్రి స్టేషన్లోనే ముడుచుకుని పడుకున్నాం. మర్నాడు బందర్లో దిగి అడిగితే, ఆ బండి గార్డుగారు తువ్వాలు తెచ్చి దైవాధీనానికి ఇచ్చారు.

"చిత్రమండీ," అన్నారాయన. "పెట్టె కిక్కిరిసిపోయింది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, అందరూ బందరుదాకా నిలబడే వచ్చారు. ఆ రెండు సీట్లూ ఖాళీగానే ఉన్నాయి. కూర్చోరేం అంటే, తువ్వాలుంది కదండీ అన్నారు."

నేను ఆ సంగతి ఊరికే నవ్వుకుంటారని రామబ్రహ్మంగారికి కార్డు ముక్క రాశాను. ఆయన నవ్వలేదట. అంకమ్మరావుని వెంటబెట్టుకుని గుడివాడ బజారుకి వెళ్లి, తువ్వాళ్లు టోకున కొన్నారట.